పొగ పోయే దారి, చేతిలో ఉన్న డబ్బు – పాత వంటింటిని మనమే బాగుచేసుకోవడం

పల్లెల్లో మన ఇళ్ళకు ముందు భాగం మారినంత త్వరగా వెనుక భాగం మారదు. వీధి గుమ్మం ముందు టైల్స్ పడతాయి, వసారాకు గ్రిల్లు వస్తుంది, ముందు గదిలో టీవీకి ఒక అలమర కూడా వస్తుంది. వెనుక వంటసాల మాత్రం తాతల నాటిదే. మసి పట్టిన వాసాలు, పిడికెడు గవాచి, నేల మీద మట్టి పొయ్యి, మూలన నీళ్ళ కాగు. గృహ కూటాలకు వెళ్ళినప్పుడు యజమాని ముందు గదిలో కుర్చీలు వేసి మర్యాద చేస్తాడు. ఆయన భార్య ఆఖరున కళ్ళు తుడుచుకుంటూ వచ్చి తలుపు పక్కన కూర్చుంటుంది. ఆ కన్నీళ్ళకు కారణం పొగ. ఇది ఎన్ని ఊళ్ళలో చూశానో లెక్కలేదు.

ప్రియ పాఠకులారా, ఈ నెల నేను వ్రాయదలచినది ఆ వెనుక గది గురించే. పెద్ద ఖర్చు లేకుండా, అప్పు చేయకుండా, ఇంటిల్లిపాదీ చేయి వేసి దానిని ఎట్లా బాగుచేసుకోవచ్చో చెబుతాను. ఇది ఇంటి అందం కోసం మాత్రమే చేసే పని కాదు. కట్టెల పొగ, పిడకల పొగ, కిరసనాయిలు పొగ వంటి ఇంటి లోపలి పొగ వల్ల 2020లో లోకమంతటా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో అయిదేళ్ళ లోపు పసివారు రెండు లక్షలకు పైనే. తల్లి చంకలో ఉండి ఆ పొగ పీల్చేది వారే గదా.

గుడివాడ వైపు ఒక ఊళ్ళో నాకు బాగా తెలిసిన కుటుంబం ఉంది. కౌలు వ్యవసాయం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి. ఆ పెద్దామెకు దగ్గు ముదిరితే పట్నంలో ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. డాక్టరుగారు ఛాతీ ఫొటో చూసి, "ఈమె చుట్ట తాగేదా?" అని అడిగారట. ఆమె జన్మలో చుట్ట ముట్టుకోలేదు. యాభై ఏళ్ళు ఆ పొయ్యి ముందు కూర్చున్నది, అంతే. ఇంటికి వచ్చాక కొడుకు వంటిల్లు మార్చాలని గట్టిగా అనుకున్నాడు. పట్నంలో ఒక దుకాణంవారు కొత్త పద్ధతి వంటిల్లు, చెక్క అరలు, రంగు తలుపులు అన్నీ కలిపి లక్షా ఇరవై వేలన్నారు, వాయిదాల మీద. ఆయన దాదాపు సంతకం పెట్టబోయాడు. ఆపింది భార్య. "నేల చెమ్మ, చెదలు. ఆ అట్ట చెక్క మన ఇంట్లో రెండు వర్షాకాలాలు నిలుస్తుందా?" అని అడిగిందట. చెక్కపొడి వత్తి చేసిన ఆ బోర్డులు నీళ్ళు తగిలితే ఉబ్బుతాయి, అంచులు విచ్చుకుంటాయి. ఆమె మాట నూటికి నూరుపాళ్ళు నిజం. చివరకు వారు 2022 ఫిబ్రవరిలో, ధాన్యం డబ్బు చేతికి వచ్చాక, పన్నెండు వేల చిల్లరతో పని ముగించారు. అది ఎట్లాగో మధ్య మధ్య చెబుతాను.

ముందు కొలత, తరువాతే ఖర్చు

మన ఇళ్ళలో ఒక వింత ఉంది. వంట చేసేది ఒకరు, గట్టు ఎత్తు చెప్పేది వేరొకరు. మగవారు తాపీమేస్త్రీతో మాట్లాడుకుని ముప్పయ్యారు అంగుళాలు కట్టించేస్తారు. తరువాత నాలుగడుగుల పది అంగుళాల ఇల్లాలు మునివేళ్ళ మీద నిలబడి అన్నం వారుస్తుంది. కాబట్టి మొదట చేయవలసిన పని, వంట చేసే మనిషిని చెప్పులు లేకుండా నేల మీద నిలబెట్టి, మోచేయి వంచమని, నేల నుంచి మోచేతి వరకు కొలవడం. ఆ కొలతలో నుంచి అయిదారు అంగుళాలు తీసివేస్తే కూరలు తరిగే గట్టు ఎత్తు వస్తుంది. అయిదడుగుల మనిషికి ఇది ముప్పయి, ముప్పయి ఒక అంగుళాలు ఉండవచ్చు. పొయ్యి పెట్టే చోట ఇంకో రెండు మూడు అంగుళాలు తగ్గించండి. పొయ్యి ఎత్తు, దాని మీద గిన్నె ఎత్తు కలిసి పైకి వస్తాయి గదా. అంటే గట్టు రెండు మెట్లుగా ఉంటుంది. మేస్త్రీ "ఈలాగు ఎవరూ కట్టించుకోరమ్మా" అంటాడు. అననివ్వండి.

ఆ తరువాత ఒక పూట ఊరికే కూర్చుని ఆమె ఎన్నిసార్లు ఎటు నడుస్తున్నదో చూడండి. నీళ్ళకు, పొయ్యికి, పప్పు ఉప్పు డబ్బాలకు మధ్య తిరిగే దారే వంటింటి పని. ఆ మూడూ నాలుగైదు అడుగుల లోపల ఉంటే సగం అలసట పోతుంది. కొత్త వస్తువు ఒక్కటి కూడా కొనకుండా, ఉన్నవాటి చోట్లు మార్చి దీనిని సాధించవచ్చు.

ఆగ్నేయ మూల, ఈశాన్య మూల అనే గొడవ మన విశ్వాసుల ఇళ్ళలోనూ వినబడుతూనే ఉన్నది. నేనైతే గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో చూసుకోమంటాను. అగ్గిపుల్ల ఆర్పి దాని పొగ ఎటు పోతుందో గమనిస్తే చాలు.

పొగకు దారి

కట్టెల పొయ్యి పూర్తిగా మానగలిగినవారు మానవచ్చు. అందరూ మానలేరు. గ్యాసు వచ్చినా కాగులో నీళ్ళు కాచుకోవడానికి, పండుగనాడు పెద్ద వంటకు, సిలిండరు అయిపోయి చేతిలో డబ్బు లేనప్పుడు కట్టెలే దిక్కు. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది, దేశమంతటా 2016లో ఉజ్వల వచ్చింది. కనెక్షన్లు ఇంటింటికీ చేరాయి. అయినా పల్లెల్లో పొగ ఆగలేదంటే కారణం ఇదే.

పొగరాని పొయ్యి మనకు కొత్త కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయంలో పనిచేసిన ఎస్.పి. రాజుగారు ఈ విషయమై చాలా శ్రమపడ్డారు. ఒకే మంట మీద ఒకటికి మించి గిన్నెలు ఉడికేటట్టు, పొగ గొట్టం గుండా బయటకు పోయేటట్టు పొయ్యిని రూపొందించి, లక్షలాది ఇళ్ళకు పొగలేని వంటిళ్ళు రావాలని పుస్తకం వ్రాశారు. దానిని 1953లో ప్రచురించినది మద్రాసులోని క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ. మన పుస్తకాల అంగడిలో కీర్తనల పక్కన పొయ్యి పుస్తకం కూడా అచ్చయినదని తెలిసి నేను ఎంతో సంతోషించాను. 1980లలో ప్రభుత్వం కూడా ఇట్టి పొయ్యిలు ఊరూరా పెట్టించింది. అందులో చాలా మూలపడ్డాయి. గొట్టంలో మసి పేరుకున్నప్పుడు దులిపేవారు లేకపోవడం ఒక కారణం, గొట్టం విరిగితే మార్చేవారు లేకపోవడం ఇంకొకటి.

నేను చెప్పిన కుటుంబంలో కట్టెల పొయ్యిని వంటసాలలో నుంచి తీసి వెనుక వసారాలో గోడవారగా పెట్టారు. నాలుగు అంగుళాల గొట్టం పెంకుల మీదుగా పైకి తీశారు. గొట్టం కొప్పు కంటే రెండు మూడు అడుగులు పైకి లేవాలి. తక్కువైతే గాలి పైకప్పు మీద తిరగబడి పొగను మళ్ళీ లోపలికి నెడుతుంది. గొట్టం మీద వాన పడకుండా ఒక టోపీ ఉండాలి. తాటాకు ఇళ్ళవారు మాత్రం గొట్టాన్ని కప్పులో నుంచి ఎంతమాత్రం తీయవద్దు. గోడలో నుంచి బయటకు తీసి, కప్పు అంచుకు దూరంగా పైకి లేపాలి. గొట్టంలో నుంచి లేచే నిప్పురవ్వ ఒక్కటి చాలు.

ఇక గాలి. ఒక్క కిటికీ ఎంత పెద్దదైనా ఉపయోగం కొంతే. గాలి రావడానికి కింద ఒక దారి, వేడి పొగ పోవడానికి ఎదురు గోడలో పైన ఒక దారి ఉండాలి. ఇటుక గోడ అయితే పైన నాలుగు ఇటుకలు తీసి జాలీ పెట్టించవచ్చు. మట్టి గోడలకు మాత్రం ఇంటివారు స్వయంగా కన్నం కొట్టవద్దు. పైన చెక్కో రాయో దాపు లేకుండా కొడితే గోడ జారిపోతుంది. ఆ ఒక్క పనికి మేస్త్రీని పిలవండి.

పెంకుల కప్పు ఉన్నవారికి వెలుతురు చాలా చౌక. మంగుళూరు పెంకు ఆకారంలోనే గాజు పెంకులు దొరుకుతాయి. పాత పెంకు జరిపి ఆ స్థానంలో గాజు పెంకు పెట్టడమే, మేకు కూడా అక్కరలేదు. పదడుగుల గదికి రెండు మూడు చాలు. పట్టపగలు బల్బు వేసుకోవలసిన అవసరం పోతుంది, బియ్యంలో రాళ్ళూ పురుగులూ కనబడతాయి. ఈ పెంకుల చరిత్ర కూడా మనకు సంబంధించినదే. బాసెల్ మిషన్ వారు 1865లో మంగుళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు, అక్కడ నుంచే ఈ రకం దేశమంతా వ్యాపించింది.

ఆస్బెస్టాస్ రేకులు ఉన్నవారికి ఒక హెచ్చరిక. వెలుతురు కోసమనో గొట్టం కోసమనో ఆ రేకును కోయడం, రంధ్రం చేయడం, పగులగొట్టడం చేయవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులలో చేరితే ఎన్నో ఏళ్ళ తరువాత క్యాన్సరు రావచ్చు. గొట్టం గోడలో నుంచే తీయండి.

గట్టు కట్టడం

ఇప్పుడు అసలు లెక్క. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గట్టుకు మూడు చిన్న గోడలు కావాలి, అటూ ఇటూ ఒక్కొక్కటి, మధ్య ఒకటి. బండకు రాయిచెక్క దాపు మూడడుగులకు ఒకటైనా లేకపోతే, రోలు పెట్టినప్పుడో రుబ్బినప్పుడో పగులుతుంది. నాలుగు అంగుళాల మందం గోడకు వరుసకు రెండున్నర ఇటుకలు, తొమ్మిది వరుసలు. పునాదికి నేలలో రెండు వరుసలు కలుపుకుని, విరిగేవి కూడా లెక్కవేసుకుంటే మూడు గోడలకూ తొంభై ఇటుకలు సరిపోతాయి. ఇటుకలను ముందు నీళ్ళలో నానబెట్టాలి. ఎండు ఇటుక మాలులోని నీటిని పీల్చివేస్తుంది, అతుకు గట్టిపడదు. ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్ళు ఇసుక. ఈ గోడలకు సిమెంటు బస్తాలో మూడవ వంతు కూడా పట్టదు. మిగిలినది పైపూతకు, నేలకు వస్తుంది. కాబట్టి రెండు బస్తాలు తెచ్చుకుంటే గది మొత్తం పని అయిపోతుంది.

గట్టు పైన గ్రానైటు వేయించుకోవాలని అందరికీ ఆశ. ఉన్నవారు వేయించుకోండి. లేనివారికి కడప నల్లబండ ఎంతమాత్రం తక్కువ కాదు. అంగుళం మందం బండ తరాలు నిలుస్తుంది. దీనికి ఒక్క లోపం, ఇది సున్నపురాయి జాతి గనుక పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికి అలాగే ఉంటే తెల్లటి మచ్చ పడుతుంది. వెంటనే తడిగుడ్డతో తుడిస్తే ఏమీ కాదు. బాత్‌రూము కడిగే ఆసిడ్ మాత్రం దాని దగ్గరకు రానివ్వకండి. నేలకు బేతంచెర్ల, తాండూరు బండలు చాలు. నున్నటి టైల్స్ కంటే ఇవే మేలని నా అభిప్రాయం, నీళ్ళు పడితే జారవు.

బండ వేసేటప్పుడు ముందు అంచు గోడ కంటే అంగుళం బయటకు రావాలి, నీళ్ళు గోడ మీద కారకుండా. సింకు వైపుకు కొద్దిగా వాలు ఉండాలి. రసమట్టం పెట్టి చూడడం తెలిసిన మేస్త్రీని ఈ ఒక్క రోజుకు పిలవడం మంచిది. ఆ కుటుంబం మేస్త్రీకి ఇచ్చినది ఒకటిన్నర రోజు కూలి మాత్రమే. ఇటుకలు తడపడం, మాలు కలపడం, పాత పొయ్యి గడ్డపారతో తవ్వి తీయడం, నేల దిమ్మిస చేయడం అంతా భార్యాభర్తలే చేసుకున్నారు. పిల్లలు వారం రోజులు గోనె సంచులు కప్పి, పూటపూటా నీళ్ళు కొట్టారు. ఏడు రోజులు తడి ఆరకూడదు. మూడో రోజునే పొయ్యి వెలిగించేవారు ఉన్నారు. ఆ గట్టు ఆరు నెలలలో నెర్రెలు విచ్చుతుంది.

ఆ రోజులలో వంట ఎక్కడ అంటారా? పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకోవచ్చు. అందుకే సంక్రాంతికీ ఉగాదికీ మధ్య ఈ పని పెట్టుకొమ్మంటాను. వాన భయం లేదు, ఎండ ముదరలేదు, డెల్టాలో అయితే చేతిలో నాలుగు రూపాయలు ఆడే కాలం కూడా అదే.

సింకు నీళ్ళు ఎక్కడికి పోవాలో ముందే నిర్ణయించుకోండి. గొట్టం కింద వంపు పెట్టించాలి. ఆ వంపులో నిలిచే కొద్దిపాటి నీళ్ళే దుర్వాసనను, బొద్దింకలను లోపలికి రాకుండా ఆపుతాయి. గొట్టం బయటి చివర ఇనుప జాలీ లేకపోతే ఎలుక వస్తుంది, ఎలుక వెనుక పాము వస్తుంది. ఆ నీళ్ళను అరటి మొక్కల పాదుకో చేమదుంపల మడికో మళ్ళిస్తే బురద గుంట ఉండదు, దోమలూ తగ్గుతాయి.

మసి గోడలు

ముప్పయి ఏళ్ళ మసి మీద నేరుగా సున్నం వేస్తే నెల తిరగకముందే పసుపు మరకలు పైకి తేలతాయి. ముందు ఇనుప బ్రష్షుతో గీకాలి, తరువాత వేడినీళ్ళలో బట్టల సోడా కలిపి కడగాలి, ఆరనివ్వాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఈ పని విసుగు పుట్టిస్తుంది, రెండు రోజులు పడుతుంది. అయినా దానిని దాటవేస్తే మిగతా ఖర్చు వృథా.

సున్నం ఇంట్లో తడుపుకునేవారు జాగ్రత్త. రాతి సున్నం మీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుంది, చిమ్ముతుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. పిల్లలను దూరంగా పంపించండి, ఇనుప డ్రమ్ములోనో గుంటలోనో తడపండి, ప్లాస్టిక్కు బకెట్టు వద్దు. ఒక రాత్రి ఉంచి పలుచని గుడ్డలో వడకట్టి, కాస్త జిగురో గంజో, చిటికెడు నీలిమందో కలిపి పలచగా మూడు పూతలు వేయాలి. చిక్కగా ఒక్క పూత వేస్తే పొరలు పొరలుగా రాలి పప్పులో పడుతుంది.

గ్యాసు పెట్టుకునేవారికి

ఇక్కడ చౌక చూసుకోవద్దు. వంటగ్యాసు గాలి కంటే బరువైనది. కారితే పైకి లేచిపోదు, నేల మీద నీళ్ళలా పరుచుకుంటుంది. కాబట్టి పైన కిటికీ తెరిచి ఉంటే చాలదు. నేల మట్టంలో కూడా గాలి పోయే కన్నమో, కింద సందు ఉన్న తలుపో ఉండాలి. సిలిండరును ఎప్పుడూ నిలువుగానే నిలపండి. గట్టు కింద పెడితే దానికి తలుపులు పెట్టించి మూసివేయవద్దు. పొయ్యి ఎప్పుడూ సిలిండరు కంటే ఎత్తులో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఒకే గదిలో కట్టెల పొయ్యి, సిలిండరు రెండూ ఉండకూడదు. ఇది నేను ఎన్ని ఇళ్ళలో చూశానో చెప్పలేను. నిప్పు పక్కనే సిలిండరు, మధ్యలో నిద్రమత్తులో టీ పెట్టే ఇల్లాలు.

రబ్బరు గొట్టం ఐఎస్ఐ ముద్ర ఉన్నదే కొనండి, అయిదేళ్ళకు మార్చండి. గొట్టం మీదే తేదీ అచ్చువేసి ఉంటుంది. కారుతున్నదేమో చూడడానికి సబ్బు నురగ రాయాలి గాని అగ్గిపుల్ల గీయకూడదు. రాత్రి వాసన వస్తే స్విచ్చి వేయవద్దు, తీయవద్దు. రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు తెరిచి, అందరినీ బయటకు తీసుకువెళ్ళి 1906కు ఫోను చేయండి. ఆ నంబరు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. గోడ మీద బొగ్గుతోనైనా వ్రాసి పెట్టండి.

కరెంటు పని ఎంత తెలివిగలవారైనా స్వయంగా చేయవద్దు. మిక్సీకి మూడు రంధ్రాల ప్లగ్గు, ఎర్తు తీగతో సహా, సింకుకు దూరంగా పెట్టించండి.

అరలకు కొత్త చెక్క కొనవలసిన పని లేదు. ఆ ఇంట్లో పాత తలుపు రెక్క ఒకటి చిలక్కొయ్యల మధ్య మూలుగుతుంటే, వడ్రంగి దానిని రెండుగా కోసి అరలు చేశాడు. గట్టు కింది భాగానికి తలుపుల బదులు తీగ మీద ముతక గుడ్డ తెర. పాల బీరువా కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టే అలవాటు మన అమ్మమ్మలదే, చీమలకు దానిని మించిన మందు లేదు.

ఖర్చు అడుగుతారని తెలుసు. ఆ సంవత్సరపు ధరలలో ఆ కుటుంబానికి బండలకు నాలుగు వేలు, ఇటుక, సిమెంటు, ఇసుకకు రెండు వేల ఆరు వందలు, సింకు, గొట్టాలకు రెండు వేలు, మేస్త్రీకి పదిహేను వందలు, గాజు పెంకులు, సున్నం, పొగగొట్టం, వడ్రంగి కూలి కలిపి రెండు వేల చిల్లర. ధరలు ఊరిని బట్టి మారుతాయి గనుక, పై కొలతలు కాగితం మీద వ్రాసుకుని మీ ఊరి అంగట్లో అడగండి. డబ్బు చాలకపోతే అన్నీ ఒకేసారి చేయనక్కరలేదు. ఈ ఏడు పొగగొట్టం, గాజు పెంకు. వచ్చే ఏడు గట్టు. నేల ఆ పై ఏడు. ఈ వరుస మాత్రం తిరగవేయవద్దు. ముందు టైల్స్ వేయించి, పొగ సంగతి తరువాత చూద్దామనుకునే ఇల్లు అక్కడే ఆగిపోతుంది.

పెద్దామె విషయం చెప్పలేదు గదా. ఆమె మొదట ఒప్పుకోలేదు. "అయ్యగారూ, నేను పోయాక పెట్టుకోమనండి ఆ గ్యాసు. నిలబడి వండితే అది వంటేనా?" అన్నది నాతో. కోడలు వాదించలేదు. "అత్తయ్యా, మీ పొయ్యి మీకే ఉంటుంది, వసారాలోకి మాత్రం జరుగుదాం" అని, పొయ్యి ముందు వేసుకోవడానికి ఒక ఎత్తు పీట చేయించింది. చేపల పులుసు ఇప్పటికీ అక్కడ ఆవిడే వండుతుంది. పాడైన ఊపిరితిత్తులు తిరిగి రావని డాక్టరుగారు ముందే చెప్పారు, మందులు ఇప్పటికీ నడుస్తున్నాయి. రాత్రిళ్ళు దగ్గు కొంత తగ్గిందని కోడలు అంటుంది. చిన్నపిల్లకు ఏటా వచ్చే జలుబు, గురక ఆ చలికాలం రాలేదట.

పొగగొట్టం దులపడం ఆ ఇంట్లో పెద్ద పిల్లవాడి పని. పొడుగు వెదురు కర్రకు గోనెగుడ్డ చుట్టి, నెలకు ఒకసారి, పొయ్యి బాగా చల్లారాక, పై నుంచి కిందకు తోస్తాడు. రాలిన మసిని బొచ్చెలో పట్టి పెరట్లో గుంట తీసి పూడుస్తాడు. ఆ రోజు వాడికి బడి లేకుండా చూసుకోవాలి, ఎందుకంటే ఒళ్ళంతా తోముకుని స్నానం చేయడానికి గంట పడుతుంది.